నర్సింగమ్మ నడుము కొలత

1988 ఫిబ్రవరి 11

నువ్వు చూశావు. చూడలేదని బుకాయించకు. పొద్దున నల్లగొండ బస్టాండులో మా అక్క ఒక చెయ్యి మోకాలి మీద, ఒక చెయ్యి కడ్డీ మీద పెట్టి, ముఖం నేలకు దించి, దిగే మెట్టు కోసం కాలితో వెతుక్కుంటుంటే నువ్వు కిటికీ వైపు తల తిప్పుకున్నావు. ముసలామె అనుకున్నావు. మా అక్క నర్సింగమ్మకు యాభై రెండేళ్ళు. ఆమెను వంచింది వయసు కాదు, నీళ్ళు. మా ఊరి బావి నీళ్ళలోని ఫ్లోరైడు ఎముకల్లో చేరి వెన్నును బిగించేసింది. ఆ సంగతి నువ్వు పేపర్లో చదివావు. చదివి, పేపరు మడిచి, చల్లటి నీళ్ళు తాగావు. నేరం నీది.

నువ్వెవరో నాకు తెలియదు. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చూడరు. అయినా ఎవరినో ఒకరిని ఎదురుగా నిలబెట్టి కడిగేస్తే గాని నాకు వాక్యం మొదలుకాదు. కాలేజీలో పాఠం చెప్పినా అంతే, కరపత్రం రాసినా అంతే.

అక్కా నేనూ ఒకే తల్లి పిల్లలం. పదేళ్ళప్పుడు నన్ను హాస్టల్లో వేశారు. నా నడుము నిటారుగా ఉంది. దీని మీద ఇంకేమీ రాయను.

వచ్చే నెలాఖరుకు హైదరాబాదు నుంచి కమిటీ వస్తోంది. నీళ్ళ వల్ల చెడిపోయిన మనుషులను కళ్ళారా చూస్తారట. మంచినీళ్ళ కోసం కొట్లాడే మా సంఘం తరఫున మనుషులను కూడగట్టే పని నాది. అక్కను ముందు వరసలో నిలబెడతాను. పదేళ్ళుగా నేను రాసిందంతా ఒక ఎత్తు, అక్క నడుము ఒక ఎత్తు.

ఫిబ్రవరి 13

దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, వంగింది మళ్ళీ రాదు, నడుముకు పట్టు ఇచ్చే బెల్టు కడితే నొప్పి తగ్గుతుంది, కాస్త కూర్చోగలుగుతుంది అన్నాడు.

మందుల దుకాణంలో గుడ్డ బెల్టు దొరికింది. లోపల ఇనుప పట్టీలు. నిటారుగా ఉన్నవాళ్ళ కోసం కుట్టింది. అక్క చుట్టుకుని నాలుగడుగులు వేసేసరికి చంకల్లోకి ఎక్కింది.

"ఇది ఎవరి నడుమో పాపం. వాళ్ళకే ఇచ్చెయ్యి తమ్మీ," అంది అక్క.

దుకాణం అతను నవ్వు ఆపుకున్నాడు. ఆ ఆపుకున్న నవ్వు మీద ఒక వ్యాసం రాయవచ్చు.

ఫిబ్రవరి 14

బజారులో వెడల్పాటి తోలు బెల్టు ఒకటి కొన్నాను. అసలు తోలని ఒట్టు పెట్టాడు. ఇంట్లో నా భార్య అండాలు దాన్ని వెనక్కి మడిచింది. పైన రంగు పెళ్ళలు లేచి, లోపల నుంచి అట్టముక్క బయటపడింది.

"మీ కరపత్రాలు కలిపి దంచినట్టున్నరు," అంది.

ఫిబ్రవరి 18

బస్టాండు వెనక పీర్ మహమ్మద్ దుకాణం. జట్కా గుర్రాలకు జీను, కళ్ళెం కుట్టిన ఇల్లు వాళ్ళది. ఆటోలు వచ్చాక జట్కాలు తగ్గాయి. ఇప్పుడు ఎడ్ల గంటల పట్టెడలు, సంచుల పట్టీలు, ఎవరైనా అడిగితే బెల్టులు కుడుతున్నాడు. పని తగ్గింది గాని గొప్పలు తగ్గలేదు. తన తండ్రి కుట్టిన జీను మీద గుర్రం నిద్రపోయేదట.

నేను గుమ్మంలో నిలబడి అక్క సంగతి, నీళ్ళ సంగతి, సర్కారు సంగతి చెప్పుకొస్తున్నాను.

"సార్, జర కూసోండి. మీరు నిలబడి మాట్లాడితే మీటింగు లెక్క ఉంటది. నాకు చప్పట్లు కొట్టాలె అనిపిస్తది."

తోళ్ళు పరిచాడు. అన్నిట్లోకీ మెత్తగా ఉన్నది పట్టుకుని ఇదే ఇవ్వమన్నాను.

"అది పొట్ట జాగా సార్. ఇయాల మెత్తగుంటది. కట్టంగ కట్టంగ సాగుతది. వెన్ను పక్క తోలు తీసుకోండి. తంగేడు చెక్కల నానింది, రంగు చూడుండ్రి."

చూశాను. తేనెరంగు. వంచితే పైపొర చిట్లకుండా తిరిగి లేచింది. బాగుంది. అయితే అంచుకు దగ్గరగా ఒక గీత బొటనవేలు కింద దాచిపెట్టి చూపిస్తున్నాడు. నేను వాదించే మనిషిని, వేళ్ళు కూడా చూస్తాను.

"వేలు తియ్యి."

తీశాడు. దున్నను పొడిచిన ములుగర్ర గాటు.

"ఇక్కడే తెగుతుంది గదా?"

"తెగదు సార్. మా నాయిన అయితే..."

"మీ నాయిన సంగతి గుర్రాన్ని అడుగుదాం. ఈ ముక్క వద్దు."

ఇద్దరమూ నవ్వుకున్నాం. గాటు లేని చోట సున్నంతో గీత గీశాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి. గుర్రం కడుపుకు తంగు పట్టీ కట్టినట్టు కడ్త. ఇగ కదలదు."

ఈ మాట అక్కతో చెప్పలేదు.

ఫిబ్రవరి 22

మా ఇంట్లోనే కొలత అయింది. పీర్ మహమ్మద్ ఆడవాళ్ళ ఒంటికి టేపు పెట్టడు. భార్య లాల్ బీ లోపల దారంతో కొలుస్తుంది, తను అరుగు మీద వీధి వైపు తిరిగి కూర్చుని లోపలికి కేకలు వేస్తాడు. నడుము కొలతకు ఒక ముడి, పైన పక్కటెముకల దగ్గర రెండు ముళ్ళు, కింద తుంటి దగ్గర మూడు. ఆ దారం బయటికి వస్తే అదే లెక్క.

అక్క పొద్దుటి నుంచి హడావుడి. తల దువ్వుకుంది. పెట్టె అడుగు నుంచి గళ్ళ చీర తీసి కట్టింది. ఫోటో దిగడానికి పోతున్నట్టుంది.

"గుర్రం తంగు కట్టేటప్పుడు కడుపు ఉబ్బిస్తది లాల్ బీ, చూసుకో," అరుగు మీది నుంచి పీర్ మహమ్మద్.

"ఎవలే గుర్రం?" లోపలి నుంచి అక్క.

"ఆయనకు అందరు గుర్రాలే అక్కా. నన్ను చూడనీకి వచ్చిననాడు కూడ మొదలు కాళ్ళు చూసిండట. జర ఊపిరి ఇడువు."

"ఇడిస్తే కూలబడ్త. తొందరగ కానియ్యి."

నేను మంచినీళ్ళ కోసం లోపలికి పోయాను. అక్క తలుపు చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. మెడ నరాలు ఉబ్బాయి. ఆమెను అంత ఎత్తులో చూసి ఎన్నేళ్ళయిందో. అక్క నా కంటే పొడుగు అన్న సంగతే మరిచిపోయాను.

మంచి కొలత వచ్చింది.

ఫిబ్రవరి 25

వినతిపత్రం నాలుగు పేజీలు పూర్తి. మూడో పేజీ అద్భుతంగా వచ్చింది.

మార్చి 5

బెల్టు వచ్చింది. నిజం చెప్పాలంటే ఇంత మంచి వస్తువు మా ఇంట్లోకి ఎప్పుడూ రాలేదు. జానెడు వెడల్పు. అంచులు అద్దంలా నున్నగా రుద్ది, మైనం పట్టించిన దారంతో రెండు వరసలు కుట్టాడు. ముందు రెండు ఇత్తడి కొక్కేలు. లోపల మేకతోలు. తోలు వాసన, ఆముదం వాసన. ఒక్క కుట్టు పక్కకు పోలేదు.

అక్క కట్టుకుని గుంజ పట్టుకుని నిలబడింది. నిటారుగా అనను. చాలా వరకు. అండాలు కళ్ళు తుడుచుకుంది. పీర్ మహమ్మద్ మీసం దువ్వుకున్నాడు.

ఆ క్షణంలో నాకు ఒక ఆలోచన వచ్చింది, కమిటీ గురించి. రాయను.

మార్చి 7

అక్క రెండు రోజులుగా బెల్టు విప్పలేదు. నొప్పి ఉందా అంటే లేదంటుంది. అన్నం తక్కువ తింటోంది. ఎండ వల్ల కావచ్చు.

మార్చి 8

ఎండ వల్ల కాదు. స్నానం చేయించేటప్పుడు అండాలు చూసింది. పక్కటెముకల కింద బెల్టు పై అంచు దిగి, చర్మం లేచి, నెత్తురు గడ్డకట్టింది. నిలబడితే పరవాలేదు. కూర్చుంటే పొట్ట ముడుచుకుని అంచు పొడుస్తోంది.

"ఎందుకు చెప్పలే వదినా?"

"గంత మంచిగ కుట్టిండు. వంక పెడితే ఏం బాగుంటది పిల్లా?"

బెల్టు చంకన పెట్టుకుని పీర్ మహమ్మద్ మీదికి పోయాను. ఆయన దారం తీసి, బెల్టు మీద పరిచి, ముడికి ముడి చూపించాడు. నూలుపోగంత తేడా లేదు.

"నా కొలత తప్పయితే నా చెయ్యి నరకండి సార్."

"నీ చెయ్యి ఎవడిక్కావాలి? మా అక్కకు నెత్తురు వచ్చింది."

"కొత్త తోలు. గుర్రానికి కూడ మొదలు ఒరుస్తది. పుండు మానినంక గట్టిపడ్తది."

ఇంకొక్కసారి గుర్రం అన్నావంటే అని వేలు చూపించాను. ఆయన కూడా వేలు చూపించాడు. బజారు గుమిగూడింది. లాల్ బీ బెల్టు నా చేతిలో నుంచి లాక్కుని, పై అంచున అంటిన నెత్తురు మరక చూసి, లోపలికి పోయింది.

మార్చి 9

ఇవాళ్టిది వివరంగా రాయాలి. నా తప్పేమీ లేదని నాకే తేలాలి.

అక్క చాప మీద కూర్చుని చింతపండు కొడుతోంది. ఊళ్ళో చెట్టు కాయ ఒక సంచెడు వెంట తెచ్చుకుంది. ఎడమ చెయ్యి నేలకు ఆనించి, కుడిచేత్తోనే రాయితో కొట్టి, అదే చేత్తో గింజ తీస్తోంది. నేలకు ఆనించిన చెయ్యి ఎత్తితే ముందుకు పడిపోతుంది.

నేను మంచిగానే మొదలుపెట్టాను. "అక్కా, బెల్టు గురించి ఫికర్ చెయ్యకు. కమిటీ నాడు ఎట్లాగూ అది అవసరం లేదు."

"ఏం?"

"వాళ్ళకు కనబడాలె గదా."

"ఏం కనబడాలె?"

"నీళ్ళు నిన్ను ఏం చేసినయో."

రాయి పక్కన పెట్టింది. "నేను నోటితోని చెప్పనా?"

"చెప్తవు. కాని వాళ్ళు నోటి మాట వినరు అక్కా. ఇన్నేండ్లు చెప్పినం. కంటితో చూస్తేనే కదులుతరు."

"అంటే నన్ను పశువుల అంగడ్ల పెడ్తవు. పండ్లు చూస్తరా, నడుమే చూస్తరా?"

"నేను నీ కోసమే చేస్తున్న."

"నా కోసమైతే నన్నొక మాట అడగకపోతివి. ఊళ్ళె బడి పిల్లలు నా వెనక వంగి నడుస్తరు తమ్మీ, నాకు తెలియదనుకుంటరు. నేను ఈడికి బెల్టు కోసం వచ్చిన. చూపెట్టుకోనీకి రాలే. బెల్టు ఉంటే వస్త, లేకపోతే రేపు బస్సెక్కుత."

ఇది వ్యక్తిగత అహంకారం. ఊళ్ళకు ఊళ్ళు వంగిపోతుంటే ఒక మనిషి తన పరువు చూసుకోవడం సరికాదు. పరువు అనేది మనకు వాళ్ళు నేర్పిన జబ్బు. ఈ దేశంలో సాక్ష్యం అడిగేది పేదవాడినే, పేదవాడి దగ్గర ఉన్న సాక్ష్యం ఒళ్ళే. ఇది నేను కనిపెట్టిన న్యాయం కాదు. నా స్వార్థం ఇందులో ఇసుమంత లేదు. సన్మానం అడిగానా? పదవి అడిగానా? ముందు వరసలో నిలబడమన్నాను. అంతే.

అంతే.

మార్చి 10

అక్క మాట్లాడలేదు. బస్సు కూడా ఎక్కలేదు.

మార్చి 11

మూడో పేజీ మళ్ళీ చదివాను. "వంగిన ఆ దేహాలే మా వాదన" అని రాశాను. బాగానే ఉంది వాక్యం.

మార్చి 12

అండాలు అడిగింది: "మీరు మీటింగుల ఎన్నడన్న అంగీ ఇప్పి మాట్లాడిన్రా?"

ఇది వాదన కాదు, వెక్కిరింపు.

మార్చి 13

లాల్ బీ వచ్చింది. దారం తెచ్చింది. అక్క గబగబా లేచి తలుపు చట్రం వైపు నడవబోయింది.

"కూసో నర్సింగక్కా. నువ్వు చింతపండు కొట్టుకో. నేను నా పని చేసుకుంట."

"కూసుంటే కొలత ఎట్లొస్తది?"

"నిలబడితే తప్పు వచ్చింది. నువ్వు ఆనాడు దొరసాని లెక్క నిలబడితివి. నేను కూడ మురిసిపోయి ఆ దొరసానికే కొలిచిన. ఆమెకు మంచిగ వచ్చింది. నీకే రాలే."

అక్క మళ్ళీ చాప మీద కూర్చుంది. తర్వాత నవ్వింది. పది రోజుల్లో మొదటిసారి. "గాలి పీల్చి పట్టుకున్న పిల్లా. పరాయి మనిషి ముందట వంగి నిలబడాలంటే సిగ్గయింది."

"మా ఆయన చెప్పనే చెప్పిండు, తంగు కట్టేటప్పుడు..."

"ఆయనను నాకు కనబడొద్దని చెప్పు."

కూర్చున్న కొలత తీసుకుంది. నిలబడ్డ దారం పక్కన పెడితే పైముడి బెత్తెడు కిందికి వచ్చింది. ఆ బెత్తెడు అక్క ఊపిరి బిగబట్టి తెచ్చుకున్నది. నేను కూడా ఆనాడు చూశాను. చూసి మంచి కొలత అని రాసుకున్నాను.

మార్చి 16

తిన్నని పట్టీ కుదరదట. ముందు పక్క కిందికి దిగి, వెనక ఎత్తుగా, వంపు తిరిగేటట్టు కోయాలి. అంటే తోలు నడిమధ్యలో కోత పడుతుంది, మిగిలింది ముక్కలవుతుంది. పీర్ మహమ్మద్ గొణుక్కుంటూ, నా వైపు చూడకుండా కోశాడు. నేను సారీ చెప్పలేదు. ఆయనా చెప్పలేదు. టీ తెప్పించాడు.

మార్చి 18

కొత్త తోలు నానబెట్టి, తడి తడిగానే చీర మీద కట్టి, అది ఆరేదాకా అక్క రోజూ చేసే పని చేస్తూ ఉండాలట. తోలు ఏ వంపులో ఆరితే ఆ వంపే పట్టుకుంటుంది. కొత్త జీను కూడా ఇట్లాగే గుర్రం మీద తడిగా వేసి ఖాళీ బండి లాగిస్తారని పీర్ మహమ్మద్ అరుగు మీది నుంచి చెప్పాడు. ఆయనకు భయం లేదు.

"బండి కూడ తెచ్చినవా?" అని అక్క లోపలి నుంచి.

"లేదు దీదీ. చింతపండు సాలు."

పొద్దంతా కొట్టింది. తడి తోలు చల్లగా ఉందని తిట్టింది. బిగుస్తోందని తిట్టింది. సాయంత్రం చూస్తే తోలు ముడతలు అక్క ముడతల మీదే పడ్డాయి. అందంగా లేదు. మొదటి బెల్టును ఎవరైనా మెచ్చుకుంటారు. ఇది పక్కన పెడితే ఏదో కుండ పెంకులా ఉంటుంది.

మార్చి 21

అక్కను నిటారుగా చేయలేదు ఈ బెల్టు. అంగుళం కూడా లేపలేదు. పట్టుకుని ఉంది, అంతే.

ఇవాళ చింతపండు కొడుతుంటే చూశాను. ఎడమ చెయ్యి నేల మీద లేదు. ఒక చేత్తో కాయ పట్టుకుని, ఒక చేత్తో కొడుతోంది. అక్క ఎడమచేతి గాజులు చప్పుడు చేయడం ఎప్పుడు విన్నానో గుర్తు రాలేదు.

కాలేజీకి ఆలస్యంగా పోయాను.

మార్చి 27

కమిటీ వచ్చిపోయింది.

బడి ఆవరణలో షామియానా. మూడు మండలాల మనుషులు. బల్లల మీద కొందరు, నేల మీద కొందరు. అక్క కుర్చీలో కూర్చుంది, చీర మీద బెల్టుతో. నేను పక్కన నిలబడ్డాను. నాలుగు పేజీలు చేతిలో ఉన్నాయి.

కమిటీలో పెద్దాయన మంచివాడే. నెమ్మదిగా మాట్లాడాడు. ఒక్కొక్కరి దగ్గర ఆగి, పక్కనున్న ఫోటోగ్రాఫరుకు సైగ చేస్తున్నాడు. ఫోటోగ్రాఫరు మనిషిని పక్కకు తిప్పి, మెడ కింది నుంచి మోకాలి దాకా తీస్తున్నాడు. అక్క వంతు వచ్చింది.

"అమ్మా, కొంచెం లేచి పక్కకు తిరుగుతారా? రామచంద్రం గారూ, ఆ బెల్టు ఒకసారి తీయించండి. అడ్డం వస్తోంది, వంపు సరిగ్గా పడదు."

అందరూ నా వైపు చూశారు. సంఘం వాళ్ళు చూశారు. అక్క చూడలేదు.

నేను నోరు తెరిచాను. తీయదు అని చెప్పబోయాను. ఇంటికి వచ్చాక అండాలుతో అదే చెప్పాను. "ఔ, అట్లనే అనుకుందాం," అంది.

నా కంటే ముందు అక్కే మాట్లాడింది.

"బెల్టెందుకు ఇప్పాలె సారూ? మీరు మీ బెల్టు ఇప్పి మాట్లాడుతున్నరా?"

షామియానా కింద ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ. పెద్దాయన చెయ్యి తన నడుము మీదికి పోయింది. ఆయనా నవ్వాడు, ముఖం ఎర్రబడింది.

"అది కాదమ్మా, రిపోర్టు కోసం..."

"రిపోర్టుల నా పేరు రాసుకున్నరా? అడగనే లేదు. నర్సింగమ్మ. కూసోండి, చెప్త. ఇయాల నేను శానసేపు కూసోగలుగుత."

పెద్దాయన కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు. అక్క రెండు చేతులూ ఒళ్ళో నుంచి తీసి, వేళ్ళు మడుస్తూ చెప్పింది. ఏ బావి, ఎప్పుడు తవ్వారు, ఎవరి కాళ్ళు ముందు వంకరపోయాయి, ఏ బిడ్డకు పండ్లు ఎట్లా పచ్చబడ్డాయి, ట్యాంకరు ఎప్పుడు వచ్చి ఎందుకు ఆగింది. మధ్యలో వెనక నుంచి ఇంకొకామె కలిసింది. ఇంకొకాయన కలిశాడు. కమిటీ ఇంకో ఊరు పోవాల్సింది, పోలేదు.

పోయేటప్పుడు పెద్దాయన ఇదంతా రాసి ఇవ్వమన్నాడు. నేను నాలుగు పేజీలు చాపాను.

"అది నీది తమ్మీ," అంది అక్క. "నాది రేపు రాసుకో, పంపిద్దాం."

మార్చి 28

పొద్దున అక్క చెప్పింది, నేను రాశాను. లాల్ బీ టీ తాగుతూ ఒకటి కలిపింది. ఏ మాటా మార్చలేదు, రాత భాషలోకి దించాను, అంతే. దానికి కూడా అక్క ఒప్పుకున్నాకే. ముందు ఒక ఉపోద్ఘాతం పెడతానన్నాను. వద్దంది. ఇది నకలు.

ఒకటి. ఊరి బావి మూసేయాలి. మూసే ముందు మంచినీళ్ళు ఇవ్వాలి.

రెండు. అవి వచ్చేదాకా ట్యాంకరు పొద్దున్నే రావాలి. కూలికి పోయాక వస్తే పట్టేవాళ్ళు ఉండరు.

మూడు. నల్లాలు నడుము ఎత్తున పెట్టాలి. బిందె పెట్టడానికి గద్దె కట్టాలి. వంగినవాళ్ళు ఇంకా వంగలేరు.

నాలుగు. దవాఖానలో తోలు బెల్టు ఊరికే ఇవ్వాలి. తయారైంది కాదు, ఎవరి కొలతకు వాళ్ళది. కొలత కూర్చోబెట్టి తీయాలి.

ఐదు. ఆడవాళ్ళకు ఆడవాళ్ళే కొలవాలి. ఆ పనికి కూలి ఇవ్వాలి. ఇది లాల్ బీ చెప్పింది.

ఆరు. బస్సుకు కింది మెట్టు ఇంకొకటి వేయాలి.

ఏడు. కమిటీ వస్తే మాకు కూడా కుర్చీలు వేయాలి.

ఎనిమిది. ఫోటో తీసే ముందు అడగాలి. తీస్తే ముఖం రావాలి. కింద పేరు రాయాలి.